పాలపిట్ట, జమ్మికొమ్మ: మన గంటల లెక్క
(సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సభ్యురాలి ప్రసంగం)



నాకు మైకు ముందర మాట్లాడే అలవాటు లేదు. అందుకే కుట్టిన బట్టనే పట్టుకొచ్చిన. దీని మీదున్నది పాలపిట్ట, జమ్మికొమ్మ. మన తెలంగాణ రాష్ట్ర పక్షి, రాష్ట్ర వృక్షం. దసరా నాడు రెండూ చూడాలంటరు కదా.

మొదటిసారి పిట్ట మొత్తానికి ఒకటే నీలిరంగు నింపిన. మా అత్తమ్మ చూసి, "ఇది పాలపిట్ట కాదు, ప్లాస్టిక్ పిట్ట" అన్నది. కోపమొచ్చింది. తెల్లారి చేను దగ్గర కరెంటు తీగ మీదున్న పిట్టను నిలబడి చూసిన. వీపు మట్టిరంగు, రొమ్ము గోధుమరంగు, నెత్తి మీద, పొట్ట కింద నీలం. ఎగిరితేనే రెక్కల్లో ముదురు, లేత నీలం పట్టీలు మంచిగ కనబడతయి. అత్తమ్మ మాటే నిజం.

కుట్టే తీరు చెప్తా. ఆరు పోగుల దారంలో ఒక్క పోగే తీసి, సన్న సూదితో కుట్టాలి. మొదటి వరుసలో ఒక కుట్టు పొడుగు, ఒకటి పొట్టి. రెండో రంగు పెట్టేటప్పుడు సూది పాత కుట్టును చీల్చుకుంట రావాలి. అప్పుడు రెండు రంగుల నడుమ గీత కనబడదు. కుట్టు ఈక పోయే దిక్కుకే పోవాలి. పై ఈక కింది ఈకను కప్పుతది కాబట్టి తోక దగ్గర మొదలుపెట్టి తల దాకా రండి. కొమ్మకు మట్టిరంగులో మూడు ఛాయలు చాలు. ఎండ పడే వైపు లేత, అవతలి వైపు ముదురు. జమ్మి ఆకు చిన్నది, ఆకుకొక చిన్న కుట్టు. కన్ను ఆఖరున. నల్లదారం మీద ఒక్క తెల్లచుక్క పడంగనే పిట్ట మనల్ని చూస్తది.

ఇగ అసలు మాట. ఆ బట్టకు 11 రోజులు, రోజుకు నాలుగు గంటలు పట్టింది. ఒక షాపాయన 400 రూపాయలిచ్చిండు. గుడ్డకు, దారానికే 150 అయినయి. అంటే నా గంటకు ఆరు రూపాయలు కూడా రాలేదు. సంఘం మీటింగుల చెప్పుకుంటే, పుస్తకాలు రాసే చెల్లె, "పొదుపు పైసకు లెక్క రాస్తం, మన గంటలకు ఎందుకు రాయం అక్కా?" అని అడిగింది.

అప్పటి నుంచి ప్రతి బట్టకు ఒక పేజీ పెట్టి గంటలు రాస్తున్న. గంటకు 50 రూపాయలు కట్టి, రెండో బట్టకు 2,400 చెప్పిన. ఇద్దరు వెనక్కి పోయిండ్రు. మూడో ఆమె పేజీ చూసి, బేరం చేయకుండ కొన్నది.

మిషను కుట్టు ధరతో పోటీకి పోతే మనం నిలవం. ఒకరి కంటే ఒకరం తగ్గించి అమ్ముకుంటే అందరం మునుగుతం. అందుకే చేతికుట్టుకు గంటకు ఇంత కంటే తక్కువ తీసుకోవద్దని సమాఖ్య తీర్మానం చెయ్యాలని అడుగుతున్న.

నేర్చుకునే చెల్లెళ్లు ఫ్రేము తీసుకొని పగటిపూట రండి. దీపం వెలుగుల రంగులు మోసం చేస్తయి, కండ్లు కూడా అలసిపోతయి.

సెలవు.