తీర్పుకు ముందే శిక్ష
(పఠనమందిర సభయందు చేసిన ప్రసంగ పాఠము)



భద్రాచల పట్టణము దాటగనే ఎటపాక. 2014 నుండి అది ఆంధ్రప్రదేశము. చింతూరు మీదుగా కుంట చేరినచో ఛత్తీస్‌గఢ్. మూడు రాష్ట్రములకును అడవి యొక్కటే, అందలి కోయజనమును ఒక్కటే. కాని నేరము మోపబడిననాడు ఆ యెల్లలే కోయవానికి కోటగోడలగుచున్నవి.

చట్టము చూపు త్రోవ తిన్ననిదే. పట్టుబడినవానిని, ప్రయాణకాలము మినహా, 24 గంటలలో మేజిస్ట్రేటు నెదుట నిలుపవలెను. నేరము ననుసరించి 60 లేక 90 దినములలో పోలీసులు అభియోగపత్రము దాఖలు చేయనిచో, ముద్దాయి జామీను కోరి పూచీ యిచ్చినంతనే విడువక తప్పదు. పిమ్మట ఆరోపణను వానికి చదివి వినిపించి, సాక్ష్యము విని, తీర్పు చెప్పవలెను. 2024 జూలై 1న అమలునకు వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితయు ఈ క్రమమునే నిలిపినది.

ఇక ఆచరణ చూడుడు. 2017 ఏప్రిలులో కుంటకు ఆవల, సుక్మా జిల్లా బుర్కాపాలు చెంత 25 మంది కేంద్ర రిజర్వు పోలీసులు మావోయిస్టులచే హతులైరి. అది ఘోరము, ఖండింపవలసినదే. కాని ఆ కేసులో ముద్దాయిలైన 121 మంది ఆదివాసులు నిర్దోషులని తీర్పు వచ్చినది 2022 జూలైలో! వారిలో పెక్కుమంది అయిదేండ్లు చెరసాలలోనే గడపిరి. వారిపై ప్రయోగించిన చట్టవిరుద్ధ కార్యకలాపముల నిరోధక చట్టము క్రింద అభియోగపత్రపు గడువును 180 దినములకు పొడిగింపవచ్చును. ఆరోపణ పైకి నిజమని తోచిన జామీను దొరకదు. ఆ యేండ్లను వారికి మరల ఇచ్చువా రెవరు?

త్వరగా జరుపుట అసాధ్యమందురా? 2022 నవంబరులో చంద్రుగొండ మండలమున అటవీ రేంజి అధికారి హత్య కావింపబడగా, కొత్తగూడెము న్యాయస్థానము 2023 ఆగస్టులోనే ఇద్దరికి యావజ్జీవ శిక్ష విధించెను. ఆ కేసు చిన్నది, ఈ కేసు పెద్దదని చెప్పవచ్చును. కాని వందమందికి పైగా ఒక్క త్రాట కట్టి కేసును పెద్దది చేసినది ముద్దాయిలు కారుగదా!

చిన్న కేసులలో పూచీయే పెద్ద సంకెల. అన్న యెల్లకావల నుండును. వాని పొలమునకు పట్టా లేదు. ఇట్టి చిక్కుపైననే 1978లో మోతీరాము కేసున సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. తాపీపనివాని నుండి 10,000 రూపాయల పూచీ కోరి, వాని సోదరుని ఆస్తి పరజిల్లాలో నున్నదని త్రోసివేయుట తప్పనెను. బస్తరులో పట్టుబడిన ఆంధ్రుని గతి యేమని ఆనాడే ప్రశ్నించెను. ఆ ప్రశ్న నేడు మన వాకిటనే నిలిచియున్నది.

ముద్దాయి కెరుకలేని భాషలో సాక్ష్యము నడచినచో, వానికి తెలిసిన భాషలో బహిరంగముగా వినిపింపవలెనని సంహిత శాసించుచున్నది. షెడ్యూల్డు తెగలవారికిని, నిర్బంధమందున్న యెల్లరకును, ఆదాయముతో నిమిత్తము లేక ఉచితముగా న్యాయవాదిని పొందు హక్కును 1987 నాటి న్యాయసేవల చట్టము ఇచ్చినది. హక్కు కలదు, అది తనకు కలదని ముద్దాయి యెరుగడు.

కావున మేము కోరునది దయ కాదు, గడువుల పాటింపు. ప్రతి పఠనమందిరమును ఈ 24 గంటలు, 60, 90 దినముల లెక్కను గోడపై వ్రాయించుగాక. చదువుకొన్న కోయ యువకులు దుబాసీలుగా న్యాయస్థానముల కేగుదురుగాక. దోషికి శిక్ష పడవలసినదే. కాని తీర్పు ముందు రావలెను, శిక్ష వెనుక రావలెను.