బరువు దిగిన తరువాత
(సమాజ ఉగాది ఉత్సవాల మహిళా సభలో చేసిన ప్రసంగ పాఠము)



పండుగపూట ఆస్పత్రి మాటలేమిటని కొందరికి తోచవచ్చు. మనవాళ్ళంతా యిలా ఒక్కచోట కూడేది ఏడాదికొకసారి గదా! పైగా నేను చెప్పబోయేది మగవారి యెదుట చెప్పుకునే సంగతి కాదు. అందుకే యీ మధ్యాహ్నపు సభను అడిగి పుచ్చుకున్నాను.

షోలాపూరులో మనం తరతరాలుగా వున్నాం. మరాఠీలో కూరలు బేరమాడతాం, పిల్లల బడిలో మాట్లాడతాం. కాని “దగ్గితే బట్ట తడుస్తోంది” అన్న మాట మాత్రం అమ్మ దగ్గర నేర్చిన తెలుగులోనే వస్తుంది. అదైనా గొంతు తగ్గించి. డాక్టరుగారు మరాఠీలో అడుగుతారు. పక్కన కొడుకో అల్లుడో నిలబడి వుంటాడు. యింకేం చెబుతాం? మోకాళ్ళనొప్పి చెప్పి వచ్చేస్తాం.

స్థూలకాయానికి యిప్పుడు ఆపరేషన్లు వచ్చినవి. జీర్ణాశయాన్ని కోసి సన్నని గొట్టంలా చేయడం ఒకటి, ఆహారం పోయే దారిని మళ్ళించే బైపాస్ మరొకటి. మన యిళ్ళలోనూ చేయించుకుంటున్నారు. చక్కెరజబ్బు గురించి, రక్తపుపోటు గురించి ముందే అడిగి తెలుసుకుంటారు. యీ తడి సంగతి మాత్రం యెవరూ యెత్తరు.

ముందు జఘనాస్థి నుంచి వెనుక ముడ్డిపూస దాకా ఉయ్యాలగుడ్డ కట్టినట్లు కొన్ని కండరాలు వున్నవి. మూత్రాశయం, గర్భసంచి, మలాశయం మూడూ వాటిమీదే ఆనుకుని వుంటవి. కాన్పులు, ముట్లుడగడం, తీరని దగ్గు, మలబద్ధకం ఆ గుడ్డను వదులు చేస్తవి. పొట్టమీది బరువు పగలల్లా దాన్ని కిందికి నొక్కుతూనే వుంటుంది. నవ్వినా, తుమ్మినా, బిందె యెత్తినా చుక్కలు పడేది అందుకే.

బరువు దిగితే ఆ నొక్కుడు తగ్గుతుంది. అమెరికాలో పది ఆస్పత్రులలో యీ ఆపరేషను చేయించుకున్నవారిని పరిశీలించి 2015లో ఫలితాలు ప్రకటించారు. ఆపరేషనుకు ముందు స్త్రీలలో నూటికి 49 మందికి వారానికి ఒకసారైనా మూత్రం జారేది. ఏడాది తరువాత ఆ సంఖ్య 18కి దిగింది. మూడేళ్ళకు మళ్ళీ 25 దాకా పెరిగింది. మేలు జరిగిన మాట నిజమే. అయితే అందరికీ కాదు, పూర్తిగానూ కాదు. మోత తగ్గినంత మాత్రాన చిరిగిన ఉయ్యాల దానంతటది కుట్టుకోదు గదా! జారిన గర్భసంచి కూడా బరువు దిగినందువల్ల పైకి పోదు.

ఆపరేషను తరువాత కొత్త చిక్కులూ వున్నవి. తిండి తగ్గి బరువు వేగంగా దిగేటప్పుడు కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది. అందువల్ల మాంసకృత్తులు రోజుకు 60 గ్రాములకు తగ్గరాదని చెబుతారు. కోడిగుడ్డులో వున్నవి 6 గ్రాములే. చారన్నంతో ఆ లెక్క తేలదు. నీళ్ళు చాలక, ఐరన్ మాత్రలవల్ల మలం గట్టిపడుతుంది. ముక్కితే మళ్ళీ ఆ కండరాలమీదే భారం. తడుస్తుందని నీళ్ళు మానేసేవారిని చూస్తూనే వున్నాను. దానితో మూత్రం చిక్కనై మంట, మలబద్ధకం రెండూ పెరుగుతవి. గుక్కెడు గుక్కెడుగా పగలంతా తాగుతూ వుండాలి.

యిక వ్యాయామం. లాస్ ఏంజెలీస్ స్త్రీవైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ 1948లో దీనిని గురించి వ్రాశాడు. నలుగురిలో కూర్చున్నప్పుడు అపానవాయువు రాకుండా బిగపట్టుకుంటాం చూడండి, ఆ బిగింపే యిది. (నవ్వకండి, దీనికన్నా తేలికగా చెప్పే దారి నాకు దొరకలేదు.) పొట్టను, పిరుదులను బిగించకుండా, ఊపిరి ఆపకుండా, ఐదు లెక్కపెట్టేదాకా పైకి లాగి పట్టండి. అంతసేపూ వదలండి. పదిసార్లు చొప్పున రోజుకు మూడు పూటలు. మూడు నెలలు చేయనిదే ఫలితం లేదని తేల్చరాదు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి సాధన చేయవద్దు. ఆపరేషనుకు ముందే మొదలుపెడితే మంచిది. తరువాత సర్జను అనుమతితో కొనసాగించండి. సరిగా బిగుస్తున్నదో లేదో తెలియకపోతే ఫిజియోథెరపిస్టు చూసి చెబుతారు.

కింద ఏదో జారినట్లున్నా, మూత్రంలో రక్తం పడ్డా, మూత్రం రాక బిగిసినా వ్యాయామంతో కాలక్షేపం చేయక డాక్టరు దగ్గరకు వెళ్ళండి. గర్భసంచిని ఆపి వుంచే సిలికాను ఉంగరాలు వున్నవి. కొందరికి ఆపరేషను అవసరపడుతుంది. వెళ్ళేటప్పుడు కోడలినో, ఆడపడుచునో తీసుకువెళ్ళండి. నోట మాట రాకపోతే మరాఠీలో చీటీ వ్రాయించుకుని పోండి.

చీటీ అంటే జ్ఞాపకం వచ్చింది. యిందాక ఒక అమ్మాయి చీటీ పంపింది: “బరువు దిగాక పిల్లలు కావాలనుకుంటే యెప్పుడు?” ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా ఆగమంటారమ్మా. బరువు వేగంగా దిగే రోజులలో తల్లికీ బిడ్డకూ పోషణ చాలదు. అయితే బైపాస్ అయినవారికి నోట మింగే గర్భనిరోధక మాత్రలు సరిగా ఒంటబట్టకపోవచ్చు. అందుచేత ఆస్పత్రి నుంచి యింటికి పంపే రోజునే వేరే ఉపాయం అడిగి తెలుసుకో.