నిద్రకు సాక్షి ఎవరు?



వచ్చే వారం ఒక రాత్రి నేను ఆసుపత్రిలో నిద్రపోవడానికి వెళ్తున్నాను. నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బుకు, అంటే స్లీప్ ఆప్నియాకు, ఇది రెండో పరీక్ష. మొదటి రాత్రి గంటకు సగటున 22 సార్లు నా ఊపిరి ఆగడమో, బాగా తగ్గిపోవడమో జరిగిందని తేలింది. 15 నుంచి 30 దాకా మధ్యస్థం, ఆపైన తీవ్రం అని లెక్క. ఈసారి ముక్కుకు మాస్కు పెట్టి, సీపాప్ యంత్రంతో గాలి పంపుతూ, ఎంత ఒత్తిడి పెడితే గొంతు మూసుకుపోకుండా ఉంటుందో రాత్రంతా చూస్తారు.

ఇక్కడిదాకా రావడానికి నాకు మూడేళ్ళు పట్టింది. పొద్దున్నే తలనొప్పి, పగలంతా అలసట, రాత్రి పదేపదే మెలకువ. ఎక్కడికి వెళ్ళినా ఒకటే జవాబు: "ఈ వయసులో మామూలేనమ్మా, టెన్షన్ తగ్గించుకోండి." ఒకాయన డిప్రెషన్ మాత్రలు రాశాడు. గురక పెడతారా అని ఒక్కరూ అడగలేదు. అడిగినా ఒప్పుకునేదాన్నో లేదో! గురక మగవాడికైతే నవ్వులాట, ఆడదానికి నామోషీ.

పైగా చూసేదెవరు? మగవాళ్ళను డాక్టరు దగ్గరకు లాక్కొచ్చేది చాలాసార్లు పక్కన మేలుకుని ఉన్న భార్యలే. ఇంట్లో అందరికంటే ఆలస్యంగా పడుకుని, ముందుగా లేచే మనిషి నిద్రకు సాక్షి ఉండదు. నా సాక్షి ఒక సదస్సులో నాతో గది పంచుకున్న స్నేహితురాలు. "గురక మధ్యలో నీ ఊపిరి ఆగిపోతోందే, భయమేసి లేచి కూర్చున్నాను" అంది తెల్లారి.

ఆసుపత్రికి వచ్చినవాళ్ళనే లెక్కపెట్టినంతకాలం ఇది దాదాపు మగవాళ్ళ జబ్బే అనుకున్నారు. 1993లో వెలువడిన అమెరికా విస్కాన్సిన్ అధ్యయనంలో రోగులను కాక ఉద్యోగస్తులను పరీక్షించారు. మగవాళ్ళలో 24 శాతానికి, స్త్రీలలో 9 శాతానికి నిద్రలో ఊపిరి ఆటంకాలు బయటపడ్డాయి. ఇప్పుడు వాడే స్టాప్-బ్యాంగ్ ప్రశ్నావళిలో మగవాడైతే ఒక మార్కు. వాళ్ళలో ఎక్కువన్నది నిజమే, దాన్ని కాదనను. కానీ ముట్లు ఆగాక మనకు ప్రమాదం పెరుగుతుంది కదా, దాని గురించి అందులో ప్రశ్నే లేదు.

ఇక సిద్ధపడటం. వాళ్ళిచ్చిన కాగితంలో ఉన్నవి: తలంటుకోవాలి, నూనె రాయకూడదు, తలకు అంటించే తీగలు నిలవవు. గోళ్ళరంగు వద్దు, వేలికి పెట్టే క్లిప్పు ఆక్సిజన్‌ను సరిగా చూపకపోవచ్చు. మధ్యాహ్నం తరువాత కాఫీ వద్దు, పగటి నిద్ర వద్దు (నవ్వకండి). రోజువారీ మందులు డాక్టరును అడగకుండా మానకూడదు. లేనివి నేను రాసుకున్నాను: ముక్కుపుడక మాస్కుకు అడ్డమేమో ముందే చూసుకోవాలి. ఛాతీకి పట్టీలు, కాళ్ళకు తీగలు కడతారు కనుక చీరతో కుదరదు. మాస్కు పగటిపూటే ఒకసారి పెట్టి చూపించమని అడగాలి.

మొదటిసారి తీగలు అంటించడానికి ఒక కుర్రవాడు వచ్చాడు. మర్యాదగానే ఉన్నాడు. అయితే గదిలో కెమెరా ఉంటుందని సంతకం పెట్టే కాగితంలో చదివితేనే తెలిసింది. ఈసారి ముందే ఫోన్ చేశాను. స్త్రీ టెక్నీషియన్ ఉంటుందా? ఆ వీడియో ఎవరు చూస్తారు, ఎన్నాళ్ళు ఉంచుతారు? "ఇంతవరకూ ఎవరూ అడగలేదు మేడమ్" అన్నారు. టెక్నీషియన్ సంగతి ఒప్పుకున్నారు. వీడియో సంగతి రాసిమ్మన్నాను, ఇంకా రాలేదు.

ఆ రాత్రి మా అత్తగారికి మందులు ఎవరు వేస్తారన్నది నిన్ననే తేలింది. మావారు వేస్తారు. ఏ మాత్ర ఎన్నింటికో రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించాను.