పది మంది ఆడవాళ్ల బ్యాండు మేళం



పెళ్లి ఊరేగింపులో బ్యాండు మేళం మీరందరూ చూసే ఉంటారు. డ్రమ్ములు ధనధనా మోగుతాయి. ఆ డ్రమ్ము మెడకు తగిలించుకుని వాయించేది ఎవరు? ఎక్కువగా మగవాళ్లే కదా! ఆడవాళ్లు పక్కన నిలబడి చూస్తారు.

బీహారు రాష్ట్రంలో పది మంది ఆడవాళ్లు ఈ పద్ధతి మార్చారు.

పాట్నా నగరం దగ్గర దానాపూర్ ఉంది. ఆ పక్కనే ఢిబ్రా అనే పల్లె ఉంది. ఈ పది మందీ అక్కడి దళిత కుటుంబాల వాళ్లు. పొలాల్లో కూలి పనికి పోయేవాళ్లు. పని ఉన్న రోజు కూలి దొరికేది. పని లేని రోజు చేతిలో పైసా ఉండేది కాదు.

సుధా వర్గీస్ అనే ఆమె కేరళలో పుట్టారు. బీహారు వచ్చి దళిత స్త్రీల మధ్యే ఉండిపోయారు. సైకిలు మీద పల్లెలు తిరిగేవారు. అందుకే జనం ఆమెను 'సైకిల్ దీదీ' అన్నారు. దీదీ అంటే అక్క. 1987లో ఆమె 'నారీ గుంజన్' అనే సంస్థ పెట్టారు. 2006లో ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది.

"మీరు బ్యాండు ఎందుకు వాయించకూడదు?" అని ఈ కూలి స్త్రీలను అడిగింది ఆమే. వాళ్లకు నవ్వొచ్చింది. భయం కూడా వేసింది. అయినా ఒప్పుకున్నారు. నేర్పడానికి పాట్నా నుంచి ఒక మాస్టారు వచ్చేవారు.

ఊళ్లో వాళ్లు ఎగతాళి చేశారు. "ఆడదానికి డ్రమ్మేమిటి?" అన్నారు. ఇళ్లల్లో మొగుళ్లు వద్దన్నారు. మొదట వచ్చిన వాళ్లలో కొందరు మానేశారు. చివరికి పది మంది గట్టిగా నిలబడ్డారు.

డ్రమ్ము బరువు. చేతులు నొప్పి పుడతాయి. కానీ నాట్లు వేసి, మోపులు మోసిన చేతులకు బరువు కొత్తా? అసలు కష్టం వేరే ఉంది. పది మంది చేతులూ ఒకే దెబ్బగా పడాలి. ఒక్కరు తప్పితే పాటంతా తప్పుతుంది. అందుకే నెలల తరబడి సాధన చేశారు.

2016 నాటికి 'నారీ గుంజన్ సరగం మహిళా బ్యాండు' పెళ్లిళ్లలో మోగుతోంది. తర్వాత సభలకూ పిలుపులు వచ్చాయి. బీహారు దాటి వేరే రాష్ట్రాలకూ వెళ్లారు. రోజంతా నడుం వంచితే వచ్చే కూలి కంటే ఒక్క మేళంలో ఎక్కువ వచ్చింది. పిల్లల చదువుకు ఆ డబ్బు ఆసరా అయింది. వద్దన్న మొగుళ్లే సరే అన్నారు. వెక్కిరించిన ఊరే చూడ్డానికి వచ్చింది.

ఒక్క మాట గమనించండి. డబ్బు వచ్చాక మర్యాద వచ్చింది, నిజమే. కానీ డబ్బు రాకముందే, అందరూ నవ్వుతున్నప్పుడే, వాళ్లు కర్ర చేతబట్టారు. అదే పెద్ద సంగతి.

మన పల్లెల్లో డప్పు ఉంది. అది కొట్టేవాళ్లను చిన్నచూపు చూసే అలవాటూ ఉంది. ఆడది డప్పు పడితే ఎవరు వద్దంటారు? ఎందుకు వద్దంటారు? అందరూ కూర్చుని మాట్లాడుకోండి.