ఆమె పేరు రిజిస్టరులోకి రావాలి

(మహిళా దినోత్సవం సందర్భంగా మాదాపూర్‌లో జరిగిన సన్మాన సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా ముప్పై నాలుగేళ్లు పనిచేసి విరమించినవాళ్లము. ఫైళ్ల మధ్య బ్రతికినవాడికి ఒక సంగతి బాగా తెలుస్తుంది. కాగితం మీదికి ఎక్కనిది లేనట్టే లెక్క.

విరమణ తర్వాత బస్తీ పిల్లలకు ఉపకారవేతన దరఖాస్తులు నింపిపెట్టడం మాకు వ్యాపకమైంది. 'తల్లి వృత్తి' అన్న గడి వచ్చేసరికి ఇంటి యజమాని "ఏమీ లేదని రాయండి సాబ్" అంటాడు. పక్కనే కూర్చున్న ఆ తల్లి వేళ్ల నిండా సూది గుచ్చుకున్న మచ్చలు. పొద్దస్తమానం జర్దోజీ చట్రం ముందు వంగి కూర్చునే మనిషి ఆమె. ఆమె కుట్టుపనితోనే ఆ ఇంటి అద్దె తీరుతున్నది. అయినా గడిలో 'ఏమీ లేదు'. ఎన్నో ఏళ్లు మేమూ మారుమాట లేకుండా అలాగే రాశాము. ఆ తప్పులో మా చేతివ్రాత ఉన్నది.

"సన్మానాలు చేస్తే సమానత్వం వస్తుందా? శాలువా కప్పితే జీతం పెరుగుతుందా?" అని ఈ సభకు వస్తుంటే ఒక మిత్రులు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. జీతం పెరగదు. ఫీజులు, బస్సులు, భద్రత, ఆస్తిలో షరీయత్ ఇచ్చిన వాటా, వీటికి బదులుగా ఎవరైనా శాలువా ఇస్తే దాన్ని తిరిగి ఇచ్చివేయండి. కాని ఆడపిల్లను ఇంటర్ తర్వాత చదివించాలా, ఉద్యోగానికి పంపాలా అన్న నిర్ణయం జరిగేది సచివాలయంలో కాదు, మన ఇంటి దస్తర్‌ఖాన్ దగ్గర. అక్కడ తండ్రి అడిగే మాట ఒక్కటే: "మనవాళ్లలో ఇట్లా ఎవరు పంపారు?" జవాబుగా చెప్పడానికి ఒక పేరు ఉండాలి. పేరు లేకపోతే ఆ సంభాషణ అక్కడితో ముగుస్తుంది.

పేర్లు లేక కాదు. మనమే దాస్తున్నాము. అబ్బాయికి దుబాయి వీసా వస్తే వీధంతా మిఠాయి పంచుతాము. అమ్మాయికి మాదాపూర్‌లో ఉద్యోగం వస్తే సంబంధాలు చూసే రోజుల్లో ఆ మాట ఎత్తము. మేము ఎరిగిన ఒక ఇంట్లో కుమార్తె ఇక్కడి కంపెనీలో రాత్రి షిఫ్టు చేసేది. కంపెనీ క్యాబు గల్లీలోకి వస్తే ఇరుగుపొరుగు చూస్తారని తండ్రి దాన్ని పెద్దరోడ్డు మీదనే ఆపించేవాడు. ఇంటి గుమ్మం దాకా రాదగిన బండిని వదిలి ఆ పిల్ల తెల్లవారుజామున చీకటి గల్లీలో ఒంటరిగా నడిచి వచ్చేది. పరువు కాపాడాలని చేసిన ఏర్పాటు పిల్లనే ప్రమాదంలో పెట్టింది. ఆ తండ్రి చెడ్డవాడు కాదు. కూతురి సంపాదనను మెచ్చుకునే నోరు ఒక్కటైనా ఆ గల్లీలో ఆయనకు వినబడలేదు, అంతే.

1998లో వాజ్‌పేయి గారు సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన నాటికి ఈ చుట్టుపక్కల ఎక్కువగా ఉన్నవి బండరాళ్లే. 2017 నవంబరులో ఈ మాదాపూర్‌లోనే, హెచ్‌ఐసీసీలో, మహిళలకే ప్రథమ స్థానమన్న నినాదంతో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు జరిగింది. ప్రతినిధుల్లో సగానికి పైగా స్త్రీలే. మరుసటి ఏడాది మార్చిలో మహిళా పారిశ్రామికవేత్తల కోసం ప్రభుత్వం వీ హబ్‌ను నెలకొల్పింది. మంచిదే. అయితే ఆ వెలుగు మన బస్తీ దాకా రావాలంటే దాన్ని మోసుకురావలసినవాళ్లము మనమే.

నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్‌ను తలచుకోండి. ఆమె గ్లవుజులు తొడిగిన కొత్తలో, ఆడపిల్లకు ఈ ఆటేమిటి, ఈ దుస్తులేమిటి అని అన్నది పరాయివాళ్లు కాదు, మనవాళ్లే. తండ్రి జమీల్ అహ్మద్ గారు వెనక్కు తగ్గలేదు. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ఆమె ప్రపంచ ఛాంపియన్ అయింది. తర్వాత తెలంగాణ పోలీసు శాఖలో డీఎస్పీ అయింది. ఇప్పుడు ఆమెతో ఫొటో దిగని నాయకుడు లేడు. సానియా మీర్జా 2005లో హైదరాబాద్ ఓపెన్ గెలిచి, డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ సాధించిన తొలి భారతీయ మహిళ అయింది. ఆ ఏడాది మన సభల్లో ఆమె ఆట కన్నా ఆమె దుస్తుల మీదనే ఎక్కువ చర్చ నడిచింది. పతకం వచ్చాక కొట్టే చప్పట్లు సులువు. అవి అవసరమైనది దారిలో ఉన్నప్పుడు.

పోనీ, పాతవాళ్లనైనా గుర్తుంచుకున్నామా? హైదరాబాద్‌కు చెందిన తయ్యబా బేగం బిల్‌గ్రామీ దేశంలో పట్టభద్రులైన తొలి ముస్లిం స్త్రీలలో ఒకరు. ఆమె కుమార్తె మాసూమా బేగం 1952లో శాలిబండ నుంచి శాసనసభకు ఎన్నికై, 1960లో ఆంధ్రప్రదేశ్ మంత్రి అయ్యారు. ఆ కుటుంబపు సిరి, హోదా తోడ్పడ్డాయని మేము కాదనము. అయినా తల్లి పట్టా అందుకున్న ఇంట్లో కూతురు మంత్రి కావడం కాకతాళీయమని మాకు తోచదు. ఇక సుగ్రా హుమాయూన్ మీర్జా. స్త్రీల కోసం పత్రిక నడిపి, బాలికలకు సఫ్దరియా పాఠశాల స్థాపించారు. ఆ పాఠశాల ఉన్న హుమాయూన్‌నగర్ మీదుగా రోజూ వెళ్లేవారిలో ఆమె పేరు ఎరిగినవారు ఎందరు? బస్తీకి భర్త పేరు మిగిలింది.

"పొగిడితే పిల్లలకు గర్వం వస్తుంది" అని కొందరు పెద్దలంటారు. అబ్బాయిల విషయంలో ఈ భయం వారికి ఎన్నడూ కలగకపోవడం మాకు ఆశ్చర్యం. వ్యాపారంలో హజ్రత్ ఖదీజా (ర.అ.) ప్రతిభను పధ్నాలుగు వందల ఏళ్లుగా గౌరవంతో చెప్పుకుంటున్న సముదాయం మనది. చెప్పుకుంటే తప్పెట్లా అవుతుంది?

మా కమిటీ చేసిన పొరపాటు కూడా చెప్పాలి. నిరుడు ఒక అమ్మాయిని సన్మానిస్తూ ఆహ్వాన పత్రికలో 'ఫలానా వారి కుమార్తె' అని అచ్చువేయించాము. తండ్రిగారి పేరు ఉన్నది, తాతగారి పేరు ఉన్నది, ఆమె పేరు లేదు! ప్రూఫు దిద్దింది మేమే. పత్రిక చేతికి అందాక ఆ పిల్ల నవ్వి, "అంకుల్, నేనూ రావచ్చా?" అన్నది. ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు.

అందుకే ఈసారి ఒక రిజిస్టరు కొన్నాము. ఇందులో పదకొండు మంది పేర్లున్నాయి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగినులు నలుగురు. మైనారిటీ గురుకులంలో చదివి డిగ్రీలో చేరిన పిల్లలు ఇద్దరు. మిగిలిన ఐదుగురు తల్లులు, టైలరింగు, జర్దోజీ, వంటపనులతో పిల్లలను చదివించినవారు. వారి పేర్ల పక్కన 'వృత్తి' గడి ఖాళీగా లేదు. పెద్దరోడ్డు మీద క్యాబు దిగిన ఆ అమ్మాయి పేరు మూడవది. ఆమె తండ్రిగారు ఇవాళ వెనుక వరుసలో కూర్చున్నారు. పేరు చదవడానికి ఆయన అనుమతి అడగబోతే, "నన్నెందుకు అడుగుతారు, దాన్నే అడగండి" అన్నారు.

ఇక పేర్లు చదువుదాము. మేము చదవము. ఎవరి పేరు వారే చెప్పి, చేసే పని కూడా చెప్పి, ఇక్కడ సంతకం చేయాలి. మొదటి పేరు ఒక తల్లిది. అమ్మా, మైకు దగ్గరకు రండి.