మలుపులో వినిపించే టకటక



పొయ్యిమీద పప్పు అడుగంటుతూంటే పక్కగదిలో వున్నా మనకు తెలిసిపోతుంది. మిక్సీ గొంతు కాస్త మారినా చెవి పట్టేస్తుంది. మరి అదే చెవిని కారులో కూర్చున్నప్పుడు ఎందుకు మూసుకోవాలి? ఈవేళ కారు డ్రైవ్ షాఫ్టు కీళ్ళను గురించి నాలుగు మాటలు చెబుతాను. ‘ఇవన్నీ మనకెందుకమ్మా’ అనుకోకండి. పిల్లల్ని బడిలో దింపేదీ, పెద్దవాళ్ళను ఆస్పత్రికి తీసుకువెళ్ళేదీ చాలా ఇళ్ళల్లో మనమే కదా!

అంబాసిడర్, పద్మినీ కార్లను వెనక చక్రాలు నడిపేవి. 1983లో మారుతి 800 వచ్చాక, ముందు చక్రాలే బండిని లాగే పద్ధతి మనకు బాగా అలవాటైంది. ఇవాళ్టి చిన్నకార్లు చాలావరకు అలాంటివే. వీటిలో ముందు చక్రం బండిని లాగాలి, మలుపులో పక్కకు తిరగాలి, గుంతల్లో పైకీ కిందికీ ఆడాలి. అందుకని గేరుబాక్సు నుంచి ఒక్కొక్క చక్రానికీ ఒక ఉక్కు కడ్డీ, దానికి రెండు చివరలా కీళ్ళు వుంటాయి. మెకానిక్కులు సి.వి. జాయింట్లంటారు. చక్రం వైపు కీలులో సాధారణంగా ఆరు ఉక్కు గుండ్లు గాడుల్లో దొర్లుతూంటాయి. కీలు నిండా గ్రీజు, పైన మడతలు మడతలుగా రబ్బరు తొడుగు. దాన్ని బూటు అంటారు.

చాలాసార్లు జబ్బు ఈ రబ్బరుతోనే మొదలవుతుంది. ఏళ్ళు గడిచి అది పగిలిందంటే, తిరిగే వేగానికి గ్రీజు బయటికి చిమ్ముతుంది. నీళ్ళూ, ఇసుకా లోపల చేరి గుండ్లను అరగదీస్తాయి.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. మా పాత కారు సందు మలుపు తిరిగేటప్పుడల్లా టక టక మనేది. మావారితో అంటే, “నీకన్నీ అనుమానాలే, డిక్కీలో ఏదో దొర్లుతూంటుంది” అన్నారు. డిక్కీ ఖాళీచేసి చూశాను. చప్పుడు పోలేదు. అయినా వూరుకున్నాను. నెలన్నర తరువాత, కంటి ఆపరేషనైన మా అత్తగారిని ఇంటికి తీసుకొస్తూంటే, నాలుగు రోడ్ల కూడలి మధ్యలో ఫట్‌మని శబ్దం. ఇంజను తిరుగుతూనే వుంది, గేరు పడింది, బండి మాత్రం కదలదు! వెనక హారన్లు మోగుతూంటే ఆవిడ చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించాను. “ఎటు పోతున్నామే అమ్మాయ్?” అని ఆవిడ అడుగుతూనే వున్నారు. విని కూడా వూరుకున్న తప్పు నాదే.

మీరలా చెయ్యకండి. ఖాళీ మైదానంలో స్టీరింగు పూర్తిగా ఒక పక్కకు తిప్పి, నెమ్మదిగా ఒక చుట్టు తిరగండి. తరువాత రెండో పక్కకు. అద్దాలు దించి, రేడియో కట్టేసి వినండి. మా రేడియోవాళ్ళు ఏమీ అనుకోరు లెండి! టకటక వినిపించి, వేగంతోపాటు అదీ హెచ్చితే బయటి కీలు అరిగిందని అనుమానించాలి. తిన్నగా వెడుతూ వేగం పెంచినప్పుడు బండి వణికితే లోపలి కీలు చూపించండి. వణుకు టైర్లవల్ల కూడా రావచ్చు గనుక ముందు అవి చూడమనండి. బండి ఆపి, ముందు చక్రం వెనకకు టార్చి వేస్తే రబ్బరు చీలికా, చుట్టూ చిమ్మిన జిడ్డూ కనబడతాయి. జాకీమీద నిలబెట్టిన బండి కిందికి మాత్రం దూరవద్దు.

ఇక మరమ్మతు. బూటు చీలినా చప్పుడింకా రాలేదంటే త్వరపడండి. కీలు విప్పి, పాత గ్రీజు కడిగి, గుండ్లలో, గాడుల్లో గుంటలు లేకపోతే కొత్త బూటు, కొత్త క్లిప్పులు, సి.వి. జాయింట్లకని అమ్మే గ్రీజు వేస్తే సరిపోతుంది. టకటక మొదలయ్యాక గ్రీజు కూరితే కొన్నాళ్ళు నోరు మూసుకుంటుందే గాని నయం కాదు. కీలే మార్చాలి, లేదా షాఫ్టు మొత్తం. షాఫ్టు బయటికి లాగినప్పుడు గేరు ఆయిలు కారవచ్చు, తగ్గినంత మళ్ళీ పోశారా అని అడగండి. చక్రం నడుమ వుండే పెద్ద నట్టును టార్కు రెంచితో, కంపెనీ చెప్పిన కొలతకు బిగించాలి. తీసేసిన భాగాలు చూపించమనండి. అరిగిన గాడి వేలికే తెలుస్తుంది.

ఆ చిన్న రబ్బరు తొడుగును వేళకు మార్చివుంటే మాకు షాఫ్టు ఖర్చు తప్పేది, ఆవిడకు నడిరోడ్డు మీద ఆ అవస్థ తప్పేది.

అత్తగారికి ఇప్పుడు చూపు బాగుంది. మొన్న కారెక్కుతూనే, “ఈసారి చప్పుడు వినబడితే నాతో చెప్పవే, నేను నమ్ముతాను” అన్నారు. మీ చెవిని మీరు నమ్మండి. సెలవు.