కాటన్ దొర ఇంటిపేరు

గోదావరి జిల్లాల రైతులు నేటికీ చేతులెత్తి మొక్కే దొర సర్ ఆర్థర్ కాటన్. 1847లో మొదలుపెట్టిన ధవళేశ్వరం ఆనకట్టను 1852 నాటికి నిలబెట్టాడు. ఆయన ఇంటిపేరు పత్తి వ్యాపారం వల్ల వచ్చిందేమో అనిపిస్తుంది. కాదు.

పత్తికి వాడే ఇంగ్లీషు మాట అరబ్బీ ‘ఖుత్న్’ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. ఇంటిపేరు మాత్రం అచ్చంగా ఇంగ్లండు మట్టిలో పుట్టింది. పాత ఇంగ్లీషులో ‘కోట్’ అంటే గుడిసె, ‘కోటుమ్’ అంటే గుడిసెల దగ్గర. నాలుగు గుడిసెలున్న చోట పల్లె వెలిస్తే అదే దాని పేరయింది. కేంబ్రిడ్జి పక్కన కోటన్, స్టాఫర్డ్‌షైర్‌లో కాటన్ అనే ఊళ్లు ఇప్పటికీ ఉన్నాయి. అలాంటి ఊరు విడిచి వేరేచోట స్థిరపడినవాణ్ని అక్కడివాళ్లు ఊరిపేరుతోనే పిలిచేవారు. తరాలు గడిచేసరికి అది వంశానికి స్థిరపడింది. మన తెనాలివారు, కొండపల్లివారు కూడా ఇలా ఊరిపేరు మోస్తున్నవారే.

ఇదే ఇంటిపేరుగల మరో మహనీయుణ్ణీ తలచుకోవాలి. ఆయన 1571లో పుట్టిన సర్ రాబర్ట్ కాటన్. పాత రాతప్రతులను ప్రాణంగా సేకరించాడు. ‘బేవుల్ఫ్’ కావ్యానికి లోకంలో మిగిలిన ఒకే ఒక్క రాతప్రతి ఆయన సేకరణలోదే. అది ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.